నేసినవారి పేరు

షార్జా,
9 జులై 2023

అన్నా,

ఈ కాగితాలు ఎలాగూ కొరియర్‌లోనే రావాలి. అందుకని ఉత్తరం కూడా పెడుతున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన ఎవరో ఒకరు ఉంటారు, నేను సగం చెప్పి సగం మింగుతాను.

రెండేళ్లుగా తెలిసినవాళ్లతో గద్వాల చీరలు తెప్పించి ఇక్కడ క్లినిక్‌లో తోటి నర్సులకు అమ్ముతున్నాను. నీకు చెప్పలేదు. నేతింటి ఆడపిల్ల షాపు చీరలు అమ్ముకుంటోంది అని నువ్వు అనుకుంటావని చెప్పలేదు. వాళ్లు డబ్బు నా జీతం ఖాతాలో వేసేవాళ్లు. మార్చిలో బ్యాంకువాళ్లు పిలిచారు. నర్సువి, నెలకొకసారి జీతం పడాలి, ఇంతమంది ఆడవాళ్లు నీకెందుకు పంపుతున్నారు అని అడిగారు. అద్దాల గదిలో కూర్చోబెట్టారు. బయట టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను, ఎవరి ముందూ అలా తల దించుకోలేదు.

అందుకే పద్ధతిగా చేద్దామనుకున్నాను. క్లినిక్ యజమాని తనకు అభ్యంతరం లేదని రాసిచ్చాడు. ఇక్కడి ఫ్రీ జోన్‌లో వ్యాపార లైసెన్స్ తీసుకున్నాను. కంపెనీ పేరు శివశంకర్ హ్యాండ్లూమ్స్. నిన్ను అడగకుండా పెట్టాను, కోప్పడకు. లైసెన్స్ వారంలో చేతికొచ్చింది. కంపెనీ పేరున బ్యాంకు ఖాతా మాత్రం రావడం లేదు. ఆ ఖాతా లేనిదే ఇక ఒక్క చీర కూడా అమ్మకూడదు.

బ్యాంకులో నా ఫైలు చూసేది ఒక మలయాళీ అమ్మాయి. సరుకు ఎక్కడిది, ఎవరు తయారు చేస్తారు అని అడిగింది. ఫారంలో నేసినవారి పేరు అన్నచోట నీ పేరు రాశాను. మా అన్న, మా నాన్న, మా తాత, అందరూ మగ్గం మీదే బతికారని చెప్పాను. ఆ ఒక్క మాట మాత్రం తలెత్తి చెప్పాను.

నువ్వు చేయాల్సింది ఇది. ఇందులో పెట్టిన ఒప్పందం మీద సంతకం చెయ్యి. నీ చేనేత గుర్తింపు కార్డు నకలు పంపు. నాలుగు చీరలు, నువ్వు నేసినవే, నమూనాకు పంపు. ఇంకొకటి, నువ్వు నేస్తుండగా రెండు నిమిషాల వీడియో కావాలి. ముఖం కనపడాలి, చేతులు కనపడాలి.

నా మేనకోడలు తేజస్విని నాగర్‌కర్నూల్ కాలేజీలో కుదురుకుందా? హాస్టల్ తిండి పడుతోందా? వదినను అడిగినట్టు చెప్పు.

పూర్ణిమ


గద్వాల,
2 ఆగస్టు 2023

చెల్లె పూర్ణిమా,

నీ ఉత్తరం, కాగితాలు అందాయి. సంతకం పెట్టాను. కార్డు నకలు కూడా ఇందులో ఉంది.

వీడియోకు కొంచెం ఆగు. వానలకు మగ్గం గుంతలోకి నీరు దిగింది. ఎండితే తప్ప కూర్చోలేను. చీరలు ఈ నెలాఖరుకు పంపుతాను.

కంపెనీకి నా పేరు ఎందుకు పెట్టావు? నాన్న పేరు పెట్టాల్సింది.

తేజస్విని బాగుంది. ఇంతకంటే రాయడానికి లేదు. వీడియో సంగతి ఫోన్‌లో అడగకు.

శివశంకర్


షార్జా,
10 సెప్టెంబర్ 2023

అన్నా,

చీరలు అందాయి. నాలుగూ మంచం మీద పరిచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ ఉత్తరం గురించి. పేజీకి ఏడు లైన్లు రాశావు. గోడ మీద రాసే అక్షరాల్లా ఉన్నాయి. కాగితం నింపడానికి రాసినట్టు ఉంది, నాకు చెప్పడానికి రాసినట్టు లేదు.

ఇప్పుడు చీరల గురించి. నిన్న క్లినిక్‌లో భోజనాల వేళ అందరి ముందు ఒక చీర విప్పాను. మా అన్న నేసింది అన్నాను. ఒంటి నేత నూలు, అంచు పట్టు, రెండూ వేరువేరుగా నేసి కుట్టినవి కావు, మగ్గం మీదే పోగుకు పోగు పట్టించినవి అని వాళ్లకు చెబుతూ చీర తిరగేసి ఆ అతుకు మీద వేలు పెట్టాను. వేలు అక్కడే ఆగిపోయింది.

నీ అతుకు నాకు తెలుసు అన్నా. పోగును బిగించే పలకను నువ్వు ప్రతి పోగుకూ రెండుసార్లు కొడతావు. అందుకని నీ అతుకు వేలికి సన్నటి తాడులా గట్టిగా తగులుతుంది. చిన్నప్పుడు కళ్లు మూసుకుని నాన్న చీర ఏది, నీ చీర ఏది చెప్పేదాన్ని, నువ్వే పందెం కట్టేవాడివి. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా నీది కాదు. అతుకు మెత్తగా ఉంది. నాలుగూ ఒకే చేతివి, కానీ అది నీ చెయ్యి కాదు.

చీర మడిచి సంచిలో పెట్టేశాను. ఏమైంది అని అడిగారు. ఏదో మరక కనపడింది అన్నాను.

వీడియో ఇంకా రాలేదు. గుంతలో నీరు ఇప్పటికైనా ఎండి ఉండాలి. బ్యాంకు అమ్మాయి ఇంకొంత గడువు ఇచ్చింది. ఫారంలో నీ పేరు నా చేత్తో రాశాను. నిజమేమిటో రాయి. ఫోన్‌లో వద్దు, రాయి.

వదినను అడిగినట్టు చెప్పు.

పూర్ణిమ


గద్వాల,
25 సెప్టెంబర్ 2023

పూర్ణిమా,

నిజం కావాలన్నావు కాబట్టి రాస్తున్నాను. ఆ చీరలు బయట కొన్నవే. నేను నేయడం లేదు. మగ్గం తీసెయ్యలేదు, అంతే.

ఇందులో తప్పేముంది? గద్వాలలో సగంమంది ఇప్పుడు ఇదే చేస్తున్నారు. ఒకరు నేస్తారు, ఒకరు అమ్ముతారు. చీర గద్వాలదే, మగ్గం మీద నేసిందే. నీ బ్యాంకుకు ఏ ఇంట్లో నేస్తే ఏమిటి? నువ్వు అక్కడ ఏసీ గదిలో కూర్చుని నా అతుకు గిల్లి చూస్తున్నావు. ఇక్కడ గుంతలో కూర్చుని చూడు, తెలుస్తుంది.

నా పేరు రాసుకో, చీరలు అమ్ముకో. ఇక ఈ సంగతి అడగకు.

శివశంకర్


షార్జా,
20 అక్టోబర్ 2023

అన్నా,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లాను.

ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వి, వీడియో తెచ్చారా అంది. నేను ఫారంలో రాసింది నిజం కాదు, మా అన్న నేయడం లేదు, బయట కొని తన పేరుతో పంపాడు అని చెప్పాను. ఆమె ఫైలు ముందుకు లాక్కుని ఫారం మళ్లీ చూసింది. తర్వాత, ఈ మాట మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా అంది. ఆ మాటకు బదులు తిట్టినా బాగుండేది. ఆమె జాలిగా అంది. ఫైలు మూసేశారు. అబద్ధపు వివరాలు ఇచ్చినట్టు రాయలేదు, దరఖాస్తుదారు స్వయంగా వెనక్కి తీసుకున్నట్టు రాసింది. నా మీద దయ చూపించింది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. సాయినాథ్ అడిగితే తలనొప్పి అన్నాను. ఇంట్లో భర్తకు కూడా నా అన్న ఇలా చేశాడని చెప్పలేకపోయాను.

పెబ్బేరు వెంకటన్న, ఇక్కడ మా క్లినిక్ బండి నడిపే ఆయన, వచ్చే వారం ఇంటికి వస్తున్నాడు. అతనితో నాలుగు చీరలూ, ఈ ఉత్తరమూ పంపుతున్నాను. బయట కొన్న చీరలు నాకొద్దు. ఎవరింట్లో కొన్నావో వాళ్లకే తిరిగి ఇచ్చెయ్యి. నేత బాగుంది, వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు నేసింది నీదని చెప్పుకున్నావు చూడు, అది తప్పు.

నాన్న మగ్గం మీద ఉండగా ఎవరైనా షాపువాడు వచ్చి, మీ పేరు చీటీ ఇవ్వండి, వేరే చీరలకు కుట్టుకుంటాం అంటే ఏం చేసేవాడో నీకు తెలుసు.

వదినను అడిగినట్టు చెప్పు.

పూర్ణిమ


గద్వాల,
20 నవంబర్ 2023

పూర్ణిమా,

ఇది నీకు రాయడం మొదలుపెట్టి పది రోజులైంది. రోజుకు కొంచెం రాస్తున్నాను. లైన్ల మీద లైన్లు పడితే సర్దుకుని చదువుకో.

నాకు కళ్లు కనపడవు. మొత్తం పోలేదు. దూరం నుంచి మనిషి వస్తే వచ్చాడని తెలుస్తుంది, ఎవరో గొంతును బట్టి తెలుస్తుంది. ఎదురుగా చూసినచోట మాత్రం మసి పూసినట్టు ఉంటుంది. షుగర్ వల్ల అన్నారు. కళ్లు చూపించుకో అని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో నాకు గుర్తుంది. మూడేళ్లుగా నేను పోగు పట్టలేదు.

చీరలు నేసింది మీ వదిన.

మన ఇంట్లో ఆడవాళ్లు పేక నూలు కండెలు చుడతారు, పడుగుకు ఆసు పోస్తారు, గుంతలో కాళ్లు పెట్టరు. నాన్న పెట్టనివ్వలేదు, నేనూ పెట్టనివ్వలేదు. మీ వదినకు అమరచింతలో వాళ్ల నాన్న నేత నేర్పాడు, కొడుకులు లేరు కాబట్టి. ఇరవై ఏళ్లు మన ఇంట్లో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు చూపు పోయాక ఒకరోజు సగంలో ఆగిన చీర ముందు కూర్చుని ఉంటే, “జర్ర లేస్తవా?” అంది. అంతే. అప్పటి నుంచి ఆమె నేస్తుంది, నేను రాట్నం తిప్పి కండెలు చుడతాను. దానికి కళ్లక్కర్లేదు, వేళ్లు చాలు.

వీధి తలుపు వేసుకుని నేస్తుంది. ఎవరైనా తలుపు కొడితే ఆమె లేచి తీయడానికి వెళుతుంది, ఆలోగా నేను గుంతలోకి దిగి కూర్చుంటాను. ఇది నేను పెట్టిన పద్ధతి. మూడేళ్లుగా వీధిలో ఎవరికీ తెలియదు.

నువ్వు వీడియో అడిగినప్పుడు నేసినట్టు నటిద్దామని గుంతలో కూర్చున్నాను. మీ వదిన ఫోన్ పట్టుకుంది. చేతులకు గుర్తుంటుంది అనుకున్నాను. పేక కండె పెట్టిన నాడె విసిరితే పడుగులోంచి జారి కింద పడింది. రెండోసారి ఇరుక్కుంది, చూసుకోకుండా పలక కొట్టాను, పట్టు పోగులు పటపట తెగాయి. మీ వదిన ఫోన్ పక్కన పెట్టి, “లెవ్వు ఇగ. నేనే అతుక్కుంట” అంది. తెగిన పోగులు అతకడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. గుంతలో నీరు అని నీకు రాసింది అప్పుడే.

నువ్వు అతుకు నాది కాదని పట్టుకున్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. పెళ్లాం నేస్తే కండెలు చుట్టేవాడు అనిపించుకోవడం కంటే బయట కొని మోసం చేశాడనిపించుకోవడమే నాకు నయమనిపించింది. మోసం మగవాళ్లు చేసేదే కదా అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనుకున్నాను.

అప్పుడు ఒక సంగతి మరిచిపోయాను. నేను రాసేది ఎవరికీ చూపించను, కానీ నీ ఉత్తరాలు నేను చదవలేను. తేజస్విని నాగర్‌కర్నూల్ వెళ్లినప్పటి నుంచి నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించేది మీ వదినే.

వెంకటన్న మూట ఇచ్చి వెళ్లాడు. ఆమె అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం చదివింది. “మా అన్న నేయడం లేదు, బయట కొని తన పేరుతో పంపాడు” అన్నచోట ఆగింది. వెనక్కి వెళ్లి ఆ లైను మళ్లీ చదివింది. గొంతు మార్చలేదు. చివర “వదినను అడిగినట్టు చెప్పు” దాకా చదివి, మడిచి కవర్లో పెట్టింది. మూట విప్పి చీరలు లెక్క చూసుకుంది.

“ఎవరింట్ల కొన్నవు?” అంది.

నేను అరుగు మీంచి లేచి లోపలికి వెళ్లాను.

మర్నాటి నుంచి మగ్గం మీద కూర్చోలేదు. సగం నేసిన చీర మీద గుడ్డ కప్పింది. అయిజ వైపు పత్తి చేలకు కూలికి పోతున్నది. పొద్దున్నే ఆటోలో పోయి చీకటి పడే వేళకు వస్తుంది. నేను ఒకసారి అడిగాను. “నేను నేసింది నాది గాదట. పత్తి ఏరితె ఏరినంత నా పేరు మీదనే రాస్తరు” అంది. వేళ్లన్నీ పత్తికాయ గుచ్చుకుని చీరుకుపోయాయి. ఆ వేళ్లతో పట్టు పోగు పట్టలేరు, ఆమెకూ తెలుసు.

నీ ఖాతా నా వల్ల పోయింది. ఇక్కడ మగ్గం కూడా నా వల్లే ఆగింది. ఏం చేయమంటావో రాయి. ఈ ఉత్తరం ఆమె చూడలేదు.

శివశంకర్


షార్జా,
10 డిసెంబర్ 2023

అన్నా,

ఈ ఉత్తరం నీకు ఎవరు చదివి వినిపిస్తారో నాకు తెలియదు. వదినే అయితే, వదినా, చదువు. నీకు తెలియకూడనిది ఇందులో ఏమీ రాయడం లేదు.

నేను నర్సును. పేజీకి ఏడు లైన్లు రాసిన మనిషికి చూపు తగ్గిందని నాకు తట్టాలి. తట్టలేదు. నన్ను పట్టించుకోక అలా రాశావనుకున్నాను. ఇంకొకటి కూడా తట్టలేదు. నాలుగు చీరలూ ఒకే చేతివని నేనే రాశాను, ఆ చెయ్యి ఎవరిదా అని మనసులో ఊరంతా వెతికాను కానీ మన ఇంట్లో వెతకలేదు. నేను కూడా నాన్న కూతురినే. మగ్గం గుంతలో వదిన కూర్చుని ఉంటుందని అనుకోలేకపోయాను. నీ సిగ్గు నీది. ఇది నాది.

బ్యాంకుకు మళ్లీ వెళ్లాను. వెళ్లడానికి వారం పట్టింది. అదే అమ్మాయి. మొదట చెప్పింది అబద్ధం, రెండోసారి చెప్పింది కూడా అబద్ధమే, ఇది మూడోది, ఇదే నిజం అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి మొత్తం విన్నది. కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చట. కానీ ఈసారి నోటిమాట చాలదట. ఎవరు నేస్తారు, ఎవరు ఏ పని చేస్తారు అని స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ ముందు ఇద్దరూ సంతకాలు పెట్టాలి. వీడియో కూడా కావాలి, నేసే మనిషిది.

వదిన ఒప్పుకుంటేనే ఇది. నా ఖాతా కోసం ఒప్పించకు. కూలి పనే బాగుందంటే నేను లైసెన్స్ వదిలేస్తాను, ఎవరినీ ఏమీ అనను.

అన్నా, కళ్ల దవాఖానకు మాత్రం నన్ను అడగకుండా వెళ్లు. పోయిన చూపు రాకపోవచ్చు. ఉన్నది పోకుండా చూస్తారు.

పూర్ణిమ


గద్వాల,
8 జనవరి 2024

పూర్ణిమా,

నీ ఉత్తరం మీ వదినే చదివింది. మూడో రోజు అన్నం పెడుతూ, “నోటరీ కాడ నేను మాట్లాడ. అడిగిందానికి నువ్వే చెప్పాలె. అందరు ఇనేటట్టు చెప్పాలె” అంది. సరే అన్నాను.

ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. వనపర్తి వెళ్లాం, ఇక్కడ తెలిసినవాళ్లు కనపడతారని. ఆ సంగతి కూడా దాచడం లేదు. ఎడమ కన్ను చేయిదాటింది, కుడి కంటికి లేజర్ పెడితే ఉన్నది నిలుస్తుంది అన్నాడు. ఒకసారి పెట్టించుకున్నాను.

శుక్రవారం గద్వాల కోర్టు దగ్గర టైపు కొట్టేవాళ్ల వరుసలో కూర్చున్నాం. టైపు కొట్టేవాడికి నాన్న తెలుసు. కాగితం మీద ఏం రాయాలో నేను చెబుతుంటే ఆగి, “నేసేటిది మీ ఆమెనా?” అన్నాడు. అవునన్నాను. “మరి నువ్వేం చేస్తవన్నా?” అన్నాడు.

పక్క బెంచీ మీద మన వీధివాళ్లు ఇద్దరు భూమి కాగితాల పని మీద వచ్చి కూర్చున్నారు. గొంతులు విన్నాను కాబట్టి ఎవరో తెలుసు. మీ వదిన నా పక్కనే నిలబడి ఉంది, ఒక్క మాట సాయం రాలేదు.

“కండెలు చుడత” అన్నాను.

మెల్లగా అన్నానేమో, వాడు మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. బెంచీ మీద ఒకడు, “ఇగ చీరె గూడ కట్టుకుంటడేమో” అన్నాడు. రెండోవాడు నవ్వాడు.

మాట్లాడనన్న మీ వదిన అటు తిరిగి, “కడ్తె నేను నేసిందే కడ్తడు. నీకేమొచ్చె?” అంది.

టైపు వాడు కూడా నవ్వాడు. అప్పుడు ఎవరి మీద నవ్వాడో నాకు తెలియలేదు. కాగితం పూర్తయ్యాక చదివి వినిపించాడు. నేయువారు: బాలమణి. పడుగు తయారీ, కండెలు చుట్టుట: శివశంకర్. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఎక్కడ పెట్టాలో ఆమె నా వేలు పట్టి చూపించింది.

బయటికొచ్చాక సిగ్గు పోతుందనుకున్నాను. పోలేదు. ఇప్పటికీ వీధిలోకి వెళ్లాలంటే ముందు గొంతులు విని వెళుతున్నాను. అయితే తలుపు కొడితే గుంతలోకి దిగడం మానేశాను.

ఆమె వేళ్లు మానడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది. పండగ పోయాక మగ్గం మీది గుడ్డ తీస్తానంది. వీడియో అప్పుడే. ఆమె పేరున గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టాం, అది వచ్చేదాకా ఈ కాగితమే ఆధారం.

శివశంకర్


షార్జా,
26 ఫిబ్రవరి 2024

వదినా,

ఈ ఉత్తరం నీకే. నువ్వు నేసే వీడియో చేరింది. మొదటి నిమిషమంతా దూలం కనపడింది, తర్వాత నీ ఎడమ చెవి కనపడింది. ఫోన్ పట్టుకున్నది అన్నే అని బ్యాంకు అమ్మాయికి చెబితే, చివరి అర నిమిషంలో ముఖం, చేతులు వచ్చాయి కదా, చాలు అంది.

పోయిన వారం ఖాతా తెరిచారు. ఫారంలో నేసినవారి పేరు అన్నచోట నీ పేరు రాశాను. కంపెనీ పేరు కూడా మారుద్దామా? కొంత తిరగాలి, కానీ కుదురుతుంది. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

వెనక్కి పంపిన నాలుగు చీరలు మళ్లీ అడగడానికి నాకు ముఖం లేదు.

పూర్ణిమ


గద్వాల,
18 మార్చి 2024

పూర్ణిమా,

నేను ఏడో తరగతి దాంక చదివిన. మాట్లాడినట్టే రాస్తున్న, తప్పులుంటె సర్దుకో.

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించలేదు. నాకు రాసింది నేనే చదువుకున్న. గిట్ల వచ్చుడు ఇదే మొదలు. ఇన్నాళ్లు ఆయనకు రాసి, అడుగున వదినను అడిగినట్టు చెప్పు అని రాస్తివి. చదివేది నేనే గద. నాకు నేనే చెప్పుకుంటి.

కంపెనీ పేరు మార్చకు. ఆ పేరు మార్చితె ఆయన ఇంక జర్ర కుంగుతడు, కుంగిన మనిషితోని నేను ఏగలేను. కని చీరెకు కట్టే చీటీ మీద నేసినవారు బాలమణి అని రాయి. తెలుగుల రాయి, నేను చదువుకునేటట్టు. నెలకు రెండు చీరెలే నేస్త. ఇంటి పని నాదే, మగ్గం పని నాదే, మూడో చీరె అడగొద్దు.

పాత చీరెలు నాలుగు ఉన్నయి. మూడు పంపుతున్న. ఒకటి తేజస్వినికి తీసి పెట్టిన. నువ్వు అడగలేకపోయిన అని రాసినవు గని, దాచుకునేంత కోపం నాకు లేదు. కోపం ఉంది, కని చీరెల మీద లేదు.

నీకొకటి చెప్పాలె. మీరిద్దరు సిగ్గు సిగ్గు అని రాసుకున్నరు. నాకు గూడ ఉంది. ఈ మూడేండ్లు ఎవరు అడిగినా, ఆయన నేసిండు, ఆయన నేసిండు అని నా నోటితోని నేనే చెప్పిన. మా అమరచింతల మా అక్కకు గూడ గట్లనే చెప్పిన. ఆయన చెప్పుమనలేదు. తలుపు కాడికి పోయి తీసెటప్పుడు, ఆయన గుంతల కూసున్నడా లేదా అని నేనే వెనకకు తిరిగి చూస్తుంటి. నా చేతి పనిని నేనే కాదన్న. ఆయన ఒక్కసారి కాగితం మీద కాదంటే పత్తికి పోయిన. నేను వందసార్లు అన్నదానికి ఎక్కడికి పోవాలె?

మొన్న ఎదురింటి సరోజ వచ్చింది. వాళ్ల బిడ్డ పెండ్లి ఉంది. తలుపు తీసే ఉండె, చెప్పకుండ లోపలికి వచ్చింది. నేను గుంతల ఉన్న, మీ అన్న గోడ కాడ రాట్నం మీద ఉన్నడు. అది జూసింది, జూసి జూడనట్టు, “వదినె, మంచిగుంది చీరె, ఎవరు నేసిండ్రు?” అన్నది. కోర్టు కాడి మాట వాళ్లింట్ల ఎప్పుడో తెలుసు. ఊరికెనే అడిగింది.

రాట్నం ఆగింది. నేనేం అంటనో అని ఆపిండు.

“నేనే” అన్న.

సరోజ ఇంకో చీరె జూసింది, రంగు అడిగింది, పోయింది. ఆమె పోయినంక గూడ రాట్నం తిరుగలేదు. నేను తల తిప్పలేదు. ఒక జానెడు నేసిన. నాడెల పేక అయిపోయింది.

“కండె గావాలె” అన్న.

జర్రసేపటికి రాట్నం సప్పుడైంది. కండె నిండినంక గోడ పట్టుకుంట వచ్చి నా చేతిల పెట్టిండు.

బాలమణి